డెబ్బయ్యో నిమిషం దాటాక: తులసీదాస్ బలరాం ఆట గురించి

(సికింద్రాబాద్‌లో వేసవి ఫుట్‌బాల్ శిబిరానికి వచ్చిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రుల ముందు ఒక కోచ్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలూ, మీరు కిందే కూర్చోండి, ఫర్వాలేదు. మైకు వినపడుతోందా? సరే.

మీలో ఫార్వర్డ్ ఆడేవాళ్లు చేతులెత్తండి. చూశారా, సగం మందికి పైగా ఫార్వర్డ్‌లే. మంచిదే. ఇప్పుడు ఇంకోటి అడుగుతాను. ఒలింపిక్స్‌లో ఇండియా తరఫున రెండు గోల్స్ కొట్టిన సికింద్రాబాద్ ఫార్వర్డ్ ఒకాయన ఉన్నారు. పేరు ఎవరికి తెలుసు? పెద్దవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఎత్తారు. పిల్లల్లో ఎవరూ లేరు. ఎలా తెలుస్తుంది? స్కూలు పుస్తకంలో లేదు, టీవీలో రాదు. అందుకే ఇవాళ ఆయన గురించి మాట్లాడతానని చెప్పాను.

ఆయన పేరు తులసీదాస్ బలరాం. 1936లో పుట్టారు. ఎక్కడో తెలుసా? అమ్ముగూడలో. ఇక్కణ్నుంచి బొల్లారం వైపు రైలెక్కితే దారిలో వచ్చే స్టేషనే అమ్ముగూడ. మీలో కొందరు ఆ పక్కనుంచే వస్తున్నారు, నాకు తెలుసు. ఇంట్లో తమిళం మాట్లాడేవారు, తల్లిదండ్రులది తమిళ కుటుంబం. కంటోన్మెంట్ ప్రాంతంలో అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే కదా. ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో తమిళం, దాటితే ఉర్దూ. మైదానంలోకి దిగితే అందరిదీ ఒకటే ఆట. డబ్బున్న ఇల్లు కాదు. బూట్లు కొనుక్కోవడమే కష్టమైన రోజులు.

ఆ కుర్రాణ్ని గుర్తుపట్టింది ఎవరు? సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో పాతవాళ్లందరూ రహీం సాబ్ అనేవారు. ఆయన స్కూలు మాస్టారు. ఉస్మానియాలో చదువుకుని పిల్లలకు పాఠాలు చెప్పినాయన. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్, దేశం జట్టుకూ కోచ్. సిటీ పోలీస్ అంటే మాటలు కాదండీ. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు గెలిచారు. అయిదేళ్లు! కలకత్తా క్లబ్బులు, బొంబాయి క్లబ్బులు అన్నీ వచ్చి ఆడే టోర్నమెంట్ అది.

రహీం సాబ్ ఈ కుర్రాణ్ని చూసి హైదరాబాద్ జట్టు ప్రాక్టీస్‌కు రమ్మన్నారు. సికింద్రాబాద్ అవతల నుంచి హైదరాబాద్ రావాలి. రోజూ రావడానికి డబ్బులేవీ? అప్పుడు రహీం సాబే అద్దె సైకిలుకు డబ్బులిచ్చారు. సైకిలు అద్దెకు తీసుకో, రా, ఆడు. అంతే. తల్లిదండ్రులకు ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. పిల్లవాడికి టాలెంట్ ఉందా లేదా అని నన్ను అడుగుతుంటారు. ఉంటుందండీ, చాలామందికి ఉంటుంది. కానీ రోజూ మైదానం దాకా రావడానికి దారి ఉండాలి. బలరాం గారికి ఆ దారి వేసింది ఒక మాస్టారు.

రహీం సాబ్ పద్ధతి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే బలరాం ఆట అందులోంచే వచ్చింది. ఆయన కుర్రాళ్లకు ఒక రకం పోటీలు పెట్టేవారు. మీకు ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలి. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. మ్యాచ్ మొత్తం! ఇంకో రకం, బంతిని ఎక్కువసేపు దగ్గర పెట్టుకోకూడదు, తగిలిన వెంటనే పాస్ ఇచ్చేయాలి. ఇప్పుడు మీరు యూట్యూబ్‌లో యూరప్ క్లబ్బుల డ్రిల్స్ చూస్తుంటారు కదా. ఇక్కడ, ఈ ఊళ్లో, డెబ్బయ్యేళ్ల కిందట ఒక స్కూలు మాస్టారు అదే నేర్పించారు.

ఆయనకు ఆ పట్టుదల ఎందుకొచ్చింది? 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో ఇండియాను యుగోస్లావియా 10-1తో ఓడించింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. అవును నాన్నా, బూట్లు లేకుండానే. వట్టి కాళ్లతో బంతి మీద అదుపు బాగా ఉంటుందని అప్పట్లో నమ్మకం, అలవాటు కూడా. చలిలో, తడి గడ్డి మీద ఏమవుతుందో ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. ఆ ఓటమి చూసిన కోచ్ చేతికి వచ్చిన కొత్త తరం కుర్రాడు బలరాం.

ఇక గబగబా చెబుతాను. ఆర్మీ జట్టులో, తర్వాత రైడర్స్ క్లబ్‌లో ఆడారు. హైదరాబాద్ జట్టులోకి వచ్చారు. 1956-57లో తిరువనంతపురంలో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ, అంటే రాష్ట్రాల జట్లు ఆడే జాతీయ పోటీ, గెలిచింది, ఫైనల్లో బొంబాయి మీద. మళ్లీ తర్వాతి ఏడాది మన ఊళ్లోనే గెలిచింది, మళ్లీ బొంబాయి మీదే. వరసగా రెండు. ఆ జట్టులో బలరాం ఉన్నారు. ఈలోపే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్. అప్పటికి ఆయన వయసు ఇరవై. ఇండియా ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన మొదటి ఆసియా దేశం మనది. ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియానే. మొదటి గోల్ మనది, ఈసారి 4-1తో ఓడాం. చివరికి నాలుగో స్థానం. ఆ జట్టులో మన హైదరాబాద్ వాళ్లు ఎంతమందో! థంగరాజ్, అజీజుద్దీన్, లతీఫ్, నూర్ మొహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం. నేను చెప్పింది కొన్ని పేర్లే. ఒక్క ఊరి నుంచి ఒలింపిక్స్‌కు!

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. పిల్లలూ, కాసేపు అల్లరి ఆపండి, ఇది మీ కోసమే.

1960, రోమ్ ఒలింపిక్స్. మన గ్రూపులో ఎవరు? హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీ అంటే అప్పట్లో ఎలాంటి జట్టో తెలుసా? ఫ్లోరియన్ ఆల్బర్ట్ అనే కుర్రాడు వాళ్ల ఫార్వర్డ్. తర్వాత 1967లో యూరప్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్యాలన్ డీ ఓర్ అతనికే ఇచ్చారు. అలాంటి జట్టు మీద ఆగస్టు 26న మన మ్యాచ్. 2-1తో ఓడాం. మన ఆ ఒక్క గోల్ ఎవరిది? బలరాంది. ఎప్పుడు? 79వ నిమిషంలో.

మూడు రోజుల తర్వాత ఫ్రాన్స్. 1-1 డ్రా. మన గోల్ కెప్టెన్ పీకే బెనర్జీది, 71వ నిమిషంలో. ఆ ఆధిక్యం చివరిదాకా నిలబెట్టుకుని ఉంటే ఫ్రాన్స్ మీద గెలిచినట్టే. 82లో వాళ్లు సమం చేశారు.

ఇంకో మూడు రోజులకు, సెప్టెంబర్ 1న, పెరూ. 3-1తో ఓడాం. మన గోల్? మళ్లీ బలరాందే. ఎప్పుడు? 88వ నిమిషంలో.

79, 71, 88. ఈ మూడు అంకెలు ఒకసారి గుర్తుపెట్టుకోండి. రోమ్‌లో ఇండియా కొట్టిన మొత్తం గోల్స్ మూడు. మూడూ డెబ్బయ్యో నిమిషం దాటాకే వచ్చాయి. ఇందులో వింతేముంది, ఆట 90 నిమిషాలు కదా అంటారా? అక్కడే ఉంది. ఆ రోజుల్లో మన దేశంలో మ్యాచ్ 70 నిమిషాలే ఆడేవారు. ముప్పై అయిదు, ముప్పై అయిదు. కలకత్తా లీగ్ అయినా, ఇంకో టోర్నమెంట్ అయినా అంతే. ఏడాదంతా 70 నిమిషాలకు అలవాటుపడ్డ ఒళ్లు అది. విదేశం వెళ్తే 90 ఆడాలి. అంటే ఇంట్లో అయితే విజిల్ ఊది, చేతులు కలుపుకుని, బయటికి వెళ్లిపోయే సమయం దాటాక ఈ మనిషి ఇంకా పరిగెత్తుతున్నాడు. ఊరికే పరిగెత్తడం కాదు, గోల్ కొడుతున్నాడు. అదీ వారంలో మూడో మ్యాచ్‌లో, జట్టు మూడు గోల్స్ వెనకబడి ఉన్నప్పుడు, గెలిచే ఆశ లేనప్పుడు.

నేనెప్పుడూ చెప్పే మాటే ఇది. ఫార్వర్డ్‌ను గోల్స్ లెక్కతో మాత్రమే చూడకండి. ఎన్ని కొట్టాడు అని కాదు, ఎప్పుడు కొట్టాడు అని అడగండి. 5-0 గెలుస్తున్నప్పుడు ఆరో గోల్ ఎవరైనా కొడతారు. 3-0 ఓడుతూ, కాళ్లు పట్టేస్తూ, రెండు నిమిషాలే మిగిలి ఉన్నప్పుడు పెనాల్టీ ఏరియాలోకి ఇంకోసారి వెళ్లేది ఎవరు? మొన్న మన శిబిరంలో మ్యాచ్ ఆడినప్పుడు చూశాను. 4-0 అయ్యేసరికి ఒక జట్టు ఫార్వర్డ్‌లు సెంటర్ లైన్ దగ్గర నడుస్తున్నారు. పేర్లు చెప్పను. వాళ్లకు తెలుసు.

ఇంకో సంగతి కూడా అందులోనే ఉంది. 82లో ఫ్రాన్స్ సమం చేసిందన్నాను, 85లో పెరూ మూడోది కొట్టింది. అంటే మన డిఫెన్స్ కూడా ఆ సమయానికే అలసిపోయింది. నాకు కచ్చితంగా అనిపించేదేమిటంటే, ఆ జట్టుకు నైపుణ్యం తక్కువ కాలేదు. ఇరవై నిమిషాల దమ్ము తక్కువైంది. అది ఆటగాళ్ల లోపం కాదు. వాళ్లను ఏడాదంతా 70 నిమిషాలే ఆడించిన వ్యవస్థది.

సరే, ఇప్పుడు ఆయన పొజిషన్ గురించి. అప్పట్లో ముందు వరసలో ఫార్వర్డ్‌లు ఎక్కువమంది ఉండేవారు. కుడి చివర రైట్ అవుట్, ఎడమ చివర లెఫ్ట్ అవుట్, లోపల ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లు. ఇండియాకు ఆడేటప్పుడు కుడి చివర పీకే బెనర్జీ, లోపల చునీ గోస్వామి, ఎడమ చివర ఎక్కువగా బలరాం. పీకే, చునీ, బలరాం. ఈ మూడు పేర్లూ కలిపే చెప్పేవారు. కానీ బలరాం ముందు వరసలో ఎక్కడైనా ఆడగలరు. మధ్యలో పెట్టినా ఆడతారు, లోపల పెట్టినా ఆడతారు. రెండు కాళ్లూ పనిచేస్తాయి కదా. రహీం సాబ్ పోటీల ఫలం అది.

ఎడమ చివర ఆడేవాడి కష్టం ఏమిటో చెప్పనా? బంతి కుడి వైపు ఉంటే అతనికి పని లేదనుకుంటారు. మన పిల్లలైతే బంతి ఎక్కడుంటే అక్కడికి బెల్లం చుట్టూ చీమల్లా చేరిపోతారు. అదిగో నవ్వుతున్నారు, నిజమే కదా? బంతి కుడి వైపు పీకే దగ్గర ఉందనుకోండి. ఎడమ వైపు ఉన్నవాడు మూడు పనులు చేయాలి. ఒకటి, తన మీద కాపలా ఉన్న బ్యాక్‌ను లైను దగ్గరే ఆపి ఉంచాలి, మధ్యలోకి వెళ్లి సాయపడకుండా. రెండు, క్రాస్ ఎప్పుడొస్తుందో ముందే పసిగట్టి, ఆ బ్యాక్ తల తిప్పి బంతిని చూసిన ఆ ఒక్క క్షణంలో వెనక నుంచి లోపలికి దూరాలి. మూడు, దూరంగా ఉన్న పోస్టు దగ్గరికి సరిగ్గా బంతితోపాటే చేరాలి. ముందు చేరితే ఆఫ్‌సైడ్ అయినా అవుతాడు, కీపర్ కంట్లో అయినా పడతాడు. ఆలస్యమైతే బంతి దాటిపోతుంది. ఇలా పది సార్లు పరిగెత్తితే తొమ్మిది సార్లు బంతి రాదు. చూసేవాళ్లకు ఆ తొమ్మిది పరుగులు కనపడవు. పేపర్లో రాయరు. కానీ ఆ తొమ్మిది పరుగుల వల్లే మధ్యలో చునీకి చోటు దొరుకుతుంది.

అమ్మా, నువ్వు, నీలం జెర్సీ అమ్మాయీ, నువ్వు లెఫ్ట్ ఆడతావు కదూ? నీకు అర్థమవుతోంది, తల ఊపుతున్నావు.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడి బతకాలంటే ఎక్కడికి వెళ్లాలి? కలకత్తా. 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్లారు. ప్రొఫెషనల్ అన్న మాట అప్పట్లో కాగితం మీద లేదు. ఒలింపిక్స్‌కు అమెచ్యూర్‌లే వెళ్లాలి. ఆటగాళ్లు ఏదో ఆఫీసులో ఉద్యోగం చేస్తూ ఆడాలి. పీకేది ఈస్టర్న్ రైల్వే, చునీది స్టేట్ బ్యాంక్. బలరాం చివర్లో బీఎన్నార్‌లో చేరారు. మన వాల్తేరు దాకా లైను ఉన్న పాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, ఆ పేరుతో జట్టు. ఉద్యోగం రైల్వేలో, జీవితం మైదానంలో.

ఈస్ట్ బెంగాల్‌కు ఆయన 104 గోల్స్ కొట్టారు. 1958లో మోహన్ బగాన్‌ను ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్, అంటే కలకత్తాలో జరిగే పేరున్న టోర్నమెంట్, గెలిచారు. ఆ ఏడాది కలకత్తా లీగ్ మాత్రం పీకే ఆడే ఈస్టర్న్ రైల్వే గెలుచుకుపోయింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ ఈ ముగ్గురినీ కాదని ఒక రైల్వే జట్టు గెలవడం! అది వేరే కథ, ఇంకోసారి చెబుతాను.

1961లో బలరాం ఈస్ట్ బెంగాల్ కెప్టెన్. ఆ క్లబ్బు లీగ్ గెలిచి అప్పటికి తొమ్మిదేళ్లు. 1952 తర్వాత మళ్లీ లేదు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ అభిమానులంటే ఎవరు? దేశ విభజనప్పుడు తూర్పు బెంగాల్ వదిలి వచ్చిన కుటుంబాలు చాలా. ఊరు పోయింది, ఇల్లు పోయింది, క్లబ్బు మిగిలింది. తొమ్మిదేళ్లు లీగ్ లేకుండా ఉన్నారు వాళ్లు. అమ్ముగూడ కుర్రాడు కెప్టెన్ అయిన ఏడాది లీగ్ వచ్చింది. లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కూడా ఆయనవే, 23. అదే ఏడాది ఐఎఫ్ఏ షీల్డ్‌ను మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు. కెప్టెనూ ఆయనే, టాప్ స్కోరరూ ఆయనే, కప్పూ ఆయన చేతికే. భాష రాని ఊళ్లో, నాలుగేళ్లలో!

ఇక 1962. జకార్తా ఆసియా క్రీడలు. ఇది తల్లిదండ్రులకు కూడా నచ్చుతుంది, వినండి.

అప్పుడు ఇండియా అంటే అక్కడి జనానికి మహా కోపంగా ఉంది. ఎందుకు? ఇండోనేసియా ఆ క్రీడలకు ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వలేదు. అలాగైతే వీటిని ఆసియా క్రీడలు అని ఎలా అంటాం అని మన క్రీడాధికారి గురుదత్ సోంధి అభ్యంతరం చెప్పారు. దాంతో ఊళ్లో గొడవలు. ఆటగాళ్లకేం సంబంధం? ఏమీ లేదు. కానీ తిట్లు తిన్నది వాళ్లే.

మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. ఇక అయిపోయిందనుకున్నారు అందరూ. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1. అందులో బలరాం గోల్ ఒకటి. ఆ మ్యాచ్‌లోనే మన స్టాపర్, అంటే డిఫెన్స్ మధ్యలో ఆడే జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. మర్నాడే జపాన్‌తో మ్యాచ్. మర్నాడే! 2-0తో గెలిచాం. పీకే ఒకటి, బలరాం ఒకటి. ఆలోచించండి, ఆ రెండు మ్యాచ్‌లలో ఏది పోయినా సెమీస్ చేరడం కష్టమే. రెండింటిలోనూ బలరాం గోల్ ఉంది.

సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. అక్కడ రహీం సాబ్ ఒక పని చేశారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను డిఫెన్స్‌లో కాకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు. డిఫెండర్‌ను తీసుకెళ్లి ముందు పెట్టడం! అతను గోల్ కొట్టాడు. ఫైనల్లోనూ అక్కడే ఆడించారు.

సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ దక్షిణ కొరియాతోనే. లక్షమంది స్టేడియంలో, అంతా మనకు వ్యతిరేకం. మన గోల్‌లో ఎవరు? థంగరాజ్, మన హైదరాబాద్ వాడే. జ్వరంతో అన్ని మ్యాచ్‌లకూ బయటే కూర్చుని ఫైనల్‌కు దిగాడు. 17వ నిమిషంలో పీకే గోల్. 20వ నిమిషంలో జర్నైల్ గోల్. కొరియా చివర్లో ఒకటి తిరిగి కొట్టింది. 2-1. బంగారు పతకం.

ఫైనల్ స్కోర్‌షీట్‌లో బలరాం పేరు లేదు. అందుకే ఆ ఫైనల్ గురించి చెప్పేటప్పుడు ఆయన్ని దాటేస్తారు. నాకు అక్కడే బాధ. పీకే కుడి వైపు నుంచి, జర్నైల్ మధ్యలో నుంచి కొట్టారు, నిజమే. మరి కొరియా బ్యాక్‌లు అందరూ మధ్యలోకి వచ్చి ఎందుకు మూసేయలేదు? ఎడమ చివర ఒకడు ఉన్నాడు కాబట్టి. థాయ్‌లాండ్ మీద కొట్టాడు, జపాన్ మీద కొట్టాడు, వదిలేస్తే కొడతాడని వాళ్లకు తెలుసు కాబట్టి. నేను ఇంతకుముందు తొమ్మిది పరుగులన్నాను చూడండి, అవే.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియాకు అదే చివరి బంగారం. ఇప్పటికి అరవై ఏళ్లు దాటింది. ఆ ఏడాదే బలరాంకు అర్జున అవార్డు వచ్చింది.

తర్వాత? తర్వాతి ఏడాదే అంతా ముగిసింది. 1963 జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. జకార్తాకు వెళ్లేటప్పటికే ఆయన ఒంట్లో బాగాలేదు. అదే ఏడాది బలరాంకు ఊపిరితిత్తుల జబ్బు, ప్లూరసీ. ఆట మానేయమన్నారు డాక్టర్లు. అప్పుడాయన వయసెంత? ఇరవయ్యారో ఇరవయ్యేడో. ఫార్వర్డ్‌కు అసలు ఆట మొదలయ్యే వయసు. మెల్‌బోర్న్ నుంచి లెక్కేస్తే ఏడేళ్లు. రెండు ఒలింపిక్స్, రెండు ఆసియా క్రీడలు. టోక్యోలో 1958లో నాలుగో స్థానం వచ్చింది, ఇందాక చెప్పడం మరిచాను. 90 నిమిషాలు పరిగెత్తిన మనిషికి ఊపిరే అడ్డం వచ్చింది.

ఆయన హైదరాబాద్ తిరిగి రాలేదు. కలకత్తాలోనే ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. హుగ్లీ నది పక్కన ఉత్తర్‌పాడాలో ఒక ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండేవారు. కోచ్‌గా పనిచేశారు, కుర్రాళ్లను తయారుచేశారు. చునీకి 1983లో పద్మశ్రీ వచ్చింది, పీకేకు 1990లో వచ్చింది. ముగ్గురిలో మూడో ఆయనకు రాలేదు. అర్హత గురించి ఎవరికైనా అనుమానం ఉందా? రోమ్ స్కోర్లు చెప్పాను, జకార్తా స్కోర్లు చెప్పాను, 1961 లీగ్ చెప్పాను. నాకైతే అనుమానం లేదు. పీకే, చునీ ఇద్దరూ 2020లో నెలన్నర తేడాలో పోయారు. బలరాం గారు 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు. ఇక్కడ మరుసటి రోజు పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త చూశాను నేను. అమ్ముగూడ అన్న మాట అందులో లేదు.

ఒకాయన ఇందాక బయట అడిగారు, అలాంటి ఆట మన దగ్గర ఎందుకు పోయిందండీ అని. ఒక్క కారణం చెప్పలేం. సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్ గెలిచింది 1965-66లో, ఆ తర్వాత మళ్లీ తెలుగు నేలకు రాలేదు. రహీం సాబ్ లేరు, ఆయన తర్వాత అలా కుర్రాళ్లను వెతికి తెచ్చేవాళ్లు తగ్గారు. ఆడేవాళ్లు కలకత్తా వెళ్లారు. మైదానాల్లో చాలావాటి సంగతి మీరే చూస్తున్నారు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్, అంటే దేశంలోని పెద్ద క్లబ్బుల లీగ్, గెలిచింది, సంతోషమే. కానీ కప్పు గెలవడం వేరు, బస్తీ కుర్రాడు రోజూ ప్రాక్టీస్‌కు రాగలగడం వేరు. నిజామాబాద్ నుంచి గుగులోతు సౌమ్య ఇండియా జట్టుకు ఫార్వర్డ్‌గా ఆడుతోంది. అమ్మాయిలూ, ఆమె ఆట వీడియోలు దొరుకుతాయి, చూడండి. వింగ్‌లో ఎప్పుడు లోపలికి వస్తుందో, ఎప్పుడు లైను పట్టుకుని ఉంటుందో, అది గమనించండి.

బలరాం ఆట చూద్దామంటే మాత్రం కష్టం. కదిలే బొమ్మలు దాదాపు లేవు. ఫోటోలు కొన్ని, పాత పేపర్ల రిపోర్టులు కొన్ని. అవి కూడా ఎక్కువగా కలకత్తావే. హైదరాబాద్‌లో ఆయన ఆడిన రోజులవి చాలా తక్కువ దొరుకుతున్నాయి. కాబట్టి పెద్దవాళ్లకు నా విన్నపం ఒక్కటే. మీ ఇళ్లల్లో తాతయ్యలు, పెద్దనాన్నలు ఎవరైనా పోలీసులోనో, రైల్వేలోనో, ఆర్మీలోనో ఆడినవాళ్లుంటే, అడగండి. పెట్టెల్లో జట్టు ఫోటోలుంటాయి, ఉర్దూ పేపర్ల కటింగులుంటాయి, టోర్నమెంట్ టికెట్లుంటాయి. చిరిగిపోయినవైనా ఫర్వాలేదు. ఫోటో వెనక పేర్లు రాసి ఉంటే ఇంకా మంచిది. ఈ ఆదివారం పొద్దున ప్రాక్టీస్ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను. తీసుకురండి, మీ ముందే స్కాన్ చేసి వెంటనే తిరిగి ఇచ్చేస్తాం. ఫోటోలో ఎవరెవరున్నారో చెప్పగల పెద్దాయన ఉంటే ఆయన్ని కూడా వెంటపెట్టుకు రండి. నడవలేకపోతే చెప్పండి, మేమే ఇంటికొస్తాం.

పిల్లలూ, మీకేమైనా అడగాలని ఉంటే ఇప్పుడు అడగండి. నీలం జెర్సీ అమ్మాయీ, ముందు నువ్వు.